ఐఎంఏనా, ఫ్యామిలీ ఫిజీషియన్ల అకాడమీనా? చేరినవాళ్లు చెప్పండి

నమస్కారం. ఎంబీబీఎస్ తర్వాత మైదుకూరులో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. షుగర్, బీపీ, పిల్లల జ్వరాలు, పొలంలో మందు కొట్టి కళ్లు తిరిగి వచ్చేవాళ్లు, అందరినీ నేనే చూడాలి. సందేహం వస్తే అడగడానికి పక్కన ఇంకో డాక్టర్ ఉండరు. అసలు ఇబ్బంది అదే. ఏదైనా సంఘంలో చేరితే నయమేమో అనిపిస్తోంది.

డాక్టర్ల సంఘం ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) 1928 నుంచి ఉంది, కడపలో బ్రాంచి కూడా ఉంది. కేసు పడితే అండగా ఉంటారని సీనియర్ల మాట. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక ఆ టెన్షన్ లేని డాక్టర్ ఎవరు లెండి! ఇక 2010లో మొదలైన అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా అచ్చంగా మాలాంటివాళ్ల కోసమే. ప్రపంచ ఫ్యామిలీ డాక్టర్ల సంస్థ వోంకాలో దానికి సభ్యత్వం ఉంది.

రాయలసీమలో చిన్న ఊళ్లో ఉంటూ అకాడమీలో చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కష్టమైన కేసు వాట్సాప్‌లో పెడితే ఆ పూటకే జవాబు వస్తుందా, లేక గుడ్ మార్నింగ్ ఫొటోలేనా? డాక్టరు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సీఎంఈ (చదువు అయ్యాక కూడా కొనసాగించాల్సిన వైద్య శిక్షణ) గంటలు కావాలి కదా, ఆన్‌లైన్ క్లాసులకు మన మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ ఇచ్చిందా? సదస్సులకని విజయవాడ వెళ్తే ఇక్కడ క్లినిక్ మూతే, పేషెంట్లు ఆర్ఎంపీ దగ్గరికి పోతారు. నోటీసు వచ్చినప్పుడు సంఘం లాయరును చూపించిందా, ఫోన్‌లో ధైర్యం చెప్పి వదిలేసిందా? రెండిట్లోనూ ఉన్నవాళ్లయితే, ఒక్కదానికే డబ్బు కట్టాల్సి వస్తే దేనికి కడతారో కూడా రాయండి.