న్యూరల్ ట్యూబ్ మూసుకునేది నాలుగో వారమా, ఆరో వారమా? పాత పుస్తకాలు కొనొచ్చా?

ప్రశ్న (కనిగిరి వైపు, పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు):
లాంగ్‌మన్ ఎంబ్రియాలజీ (పిండం ఎదిగే తీరు చెప్పే పుస్తకం)లో న్యూరల్ ట్యూబ్ (పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) నాలుగో వారం ఆఖరుకి మూసుకుంటుందని ఉంది. స్కాన్ రిపోర్టుల వారాలతో చూస్తే కుదరట్లేదు. ఇంకోటి, సెంటర్‌లో అందరం చూసుకోవడానికి రెండు మూడు పుస్తకాలు కొంటున్నాం. పాత ఎడిషన్లు పనికొస్తాయా?

కావలి నుంచి:
రెండూ కరెక్టేనమ్మా. ఎంబ్రియాలజీ పుస్తకం ఫలదీకరణ రోజు నుంచి లెక్కేస్తుంది. స్కానూ, ఎంసీపీ కార్డూ (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ఎల్‌ఎంపీ (ఆఖరి నెలసరి మొదటి రోజు) నుంచి. మధ్యలో 14 రోజులు తేడా. ట్యూబ్ కింది కొస మూసుకునేది 28వ రోజున, 14 కలిపితే 42, అంటే ఆరు వారాలు. నెల తప్పి పదిహేను రోజులయ్యేసరికి ఆ పని అయిపోయినట్టే. పన్నెండో వారంలో పేరు రాయించుకున్నాక మొదలుపెట్టిన ఫోలిక్ యాసిడ్ దీనికి అందదు. గర్భానికి నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు పడాలి. ముందు కాన్పులో బిడ్డకి ఈ ట్యూబ్ మూసుకోని లోపం ఉంటే 4-5 మిల్లీగ్రాములు, అదీ డాక్టర్ రాస్తేనే.

పేగుల దగ్గరా ఇదే తిరకాసు. అవి కొన్నాళ్లు బొడ్డుతాడులోకి వచ్చి పుస్తకం లెక్కలో పదో వారానికి, స్కాన్ లెక్కలో పన్నెండుకి లోపలికి పోతాయి. అంతకుముందే ఉబ్బు కనబడిందని ఆంఫలోసీల్ (పేగులు బొడ్డు దగ్గర బయటే ఉండిపోయే పుట్టుకలోపం) అనేస్తే తప్పు. లివర్ బయట ఉంటే మాత్రం వేరే సంగతి. పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో "+2" అని రాసిపెట్టుకోండి.

ఒంగోలు నుంచి:
ఎంబ్రియాలజీ పాతదైనా పర్లేదు, బొమ్మలు మారవు. మందుల పుస్తకం మాత్రం సగం ధరకొచ్చినా వద్దు. పాతవాటిలో గర్భిణికి మందు ఎంత ప్రమాదమో చెప్పే ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అక్షరాలు ఉంటాయి; అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) 2015 నుంచి వాటిని తీసేస్తూ వచ్చింది. సీ అంటే ఓ మోస్తరు ప్రమాదం అనుకునేవాళ్లే ఎక్కువ. చాలా మందులకి మనుషుల్లో సరిపడా సమాచారం లేకే ఆ అక్షరం పడింది. వాల్‌ప్రోయేట్ (మూర్ఛ మందు) లాంటిదానికి అక్షరం కాదు, డోసు, ఏ వారంలో వాడారు అన్నది చదవాలి.

నెల్లూరు నుంచి:
పుట్టుకలోపాలకి స్మిత్ పుస్తకం. ఫొటోలు తిప్పుతూ పోలికలు వెతికితే తెల్లారుతుంది. వెనక లక్షణాల వారీ జాబితా ఉంది, అక్కణ్ణుంచి రండి, అదీ అరుదైన లక్షణంతో. చిటికెన వేలి వంకర పట్టుకుంటే ఎటూ తేలదు, మామూలు పిల్లల్లోనూ ఉంటుంది. మేనరికం అడగడం మరవకండి. మేనమామ సంబంధమా, బావామరదళ్లా అన్నది విడిగా రాయండి: మొదటిదాంట్లో భార్యాభర్తలకి ఉమ్మడి జన్యువులు సుమారు నాలుగోవంతు, రెండోదాంట్లో ఎనిమిదోవంతు. వంశవృక్షంలో ఆ జంట మధ్య రెండు గీతలు గీయాలి.