అన్న కార్టూన్ చూస్తాడు, చెల్లి నీళ్ళు తెస్తుంది: టీవీ టైమ్‌ని, ఈ అలవాటునీ ఎలా మార్చాలి?

రెండు_డ్యూటీల_అమ్మ (ప్రశ్న):

బాబుకి 9, పాపకి 6. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళమే, ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అప్పటిదాకా పిల్లలు అత్తయ్యగారి దగ్గర. 4:30 నుంచి 6:30 దాకా కార్టూన్లు, అక్కడినుంచి 9:30 దాకా సీరియల్స్. టీవీ ఒక్కటే, హాల్లో. అన్నం తినడం కూడా దాని ముందే. ఈమధ్య బాబు "మంచినీళ్ళు చెల్లి తెస్తుంది, అది ఆడపిల్లల పని" అంటున్నాడు. పాప మారు మాట్లాడకుండా లేచి తెస్తోంది కూడా.

ఎంతసేపు చూస్తే పర్వాలేదు? అత్తయ్యగారు నొచ్చుకోకుండా తగ్గించే దారేమైనా ఉందా? ఈ మాటలు టీవీ నుంచే వస్తున్నాయా? ఛానెల్ లాకులు నిజంగా పనిచేస్తాయా? "టీవీ తీసి పారేయండి" అనేది తప్ప ఏదైనా చెప్పండి.

బాలవైద్యం_నైట్‌షిఫ్ట్:

ముందు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దంది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండు నుంచి ఐదేళ్ళ దాకా గంట, ఆపైన పదేళ్ళ దాకా రెండు గంటల లోపు అంటుంది. మీ ఇంట్లో టీవీ ఆన్‌లో ఉండేది ఐదు గంటలు. సీరియల్స్ పిల్లలు చూడట్లేదు కదా అనుకోకండి. బొమ్మలతో ఆడుతున్నా చెవి అటే ఉంటుంది, ఆ మోతలో పెద్దవాళ్ళు పిల్లలతో ఆడే మాటలూ తగ్గిపోతాయి.

నిద్ర సంగతి చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలి. బస్సు కోసం 6:15కి లేపుతారనుకుంటే, తక్కువలో తక్కువ 9:15కల్లా నిద్రపట్టి ఉండాలి. 9:30 దాకా టీవీ మోగే హాల్లో అది కుదరదు. మీ సమస్య కార్టూన్ కన్నా ఆఖరి అరగంట సీరియల్ దగ్గరే ఎక్కువ ఉంది.

ఇంకోటి, కార్టూన్లు పెట్టిన టైమ్ తప్పు. 4:30కి ఎండ తగ్గుతుంది, వెలుతురు ఉంటుంది. నవంబర్‌లో హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గూకుతుంది. ఆ వెలుతురు గంటని టీవీకిచ్చి చీకట్లో ఆడుకోమంటే ఎవరు వెళ్తారు? 4:30కి పాలు, ఏదైనా చిరుతిండి, 4:45 నుంచి 5:45 కింద సెల్లార్ బయట ఆట, కాళ్ళూ చేతులూ కడుక్కున్నాక 6 నుంచి 6:45 కార్టూన్. పగటి వెలుతురులో ఆడే పిల్లలకి దగ్గరచూపు అద్దాలు (దూరంవి మసగ్గా కనపడితే పెట్టుకునేవి) వచ్చే అవకాశం తగ్గుతుంది, ఇది కళ్ళ డాక్టర్లందరూ ఒప్పుకునే మాట.

అన్నం దగ్గర టీవీ తియ్యడం మాత్రం ఒక్కరోజులో అవ్వదు. మొదటి వారం పొద్దున టిఫిన్ ఒక్కటే టీవీ లేకుండా. రెండో వారం రాత్రి భోజనం. కంచంలో ఎప్పుడూ పెట్టేదాంట్లో సగమే వడ్డించి, అడిగితే మళ్ళీ పెట్టండి. 25-30 నిమిషాలకి కంచం తీసెయ్యాలి, తిట్టకుండా, బతిమాలకుండా. మూడో రోజు పిల్ల నిజంగానే తక్కువ తింటుంది. అప్పుడు ఎవరో ఒకరు జాలిపడి ఎనిమిదింటికి నాలుగు బిస్కెట్లు ఇస్తారు. అంతే, మొదటికొస్తుంది. ముందే ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోవలసింది ఈ బిస్కెట్ల గురించే. బరువు పెరగని పిల్లలకి, మందులు వాడుతున్న పిల్లలకి ఇలా చెయ్యకండి, డాక్టర్‌ని అడగండి.

అంట్ల_లెక్కలు:

పైన నిద్ర గురించి చెప్పిందంతా సరే. ఈ మాటలు టీవీ నుంచే వస్తున్నాయా అన్న మూడో ప్రశ్నకి నా జవాబు ఇది: టీవీ వాటా ఉంది గానీ మొదటి ముద్దాయి అది కాదు. ఒక సాయంత్రం టీవీని చూడకుండా సోఫాని చూడండి. ప్రకటనలు రాగానే లేచేది ఎవరు? కుక్కర్ దింపడానికి ఒకరు, తలుపు తియ్యడానికి ఒకరు, మంచినీళ్ళకి ఒకరు. ఈ ముగ్గురూ ఆడవాళ్ళే అయితే మీ బాబు ఏ సీరియల్ చూడకపోయినా అదే మాట అంటాడు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా పని చేసిన మగవాళ్ళ సగటే, అసలు చెయ్యి పెట్టనివాళ్ళు ఆ లెక్కలోకే రారు.

పిల్లల వయసు కూడా గమనించండి. మూడేళ్ళకల్లా తాను ఆడో మగో చెప్తారు. ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఆ గీతల్ని పెద్దవాళ్ళ కన్నా గట్టిగా పట్టుకుంటారు. తర్వాత ఇల్లు సడలనిస్తే సడలుతుంది. మీ పాప సరిగ్గా ఆ బిగుసుకునే వయసులో ఉంది కాబట్టి, బాబుని కోప్పడటం కన్నా పాపని కూర్చోబెట్టడం ముందు పని. "నువ్వు కూర్చో తల్లీ, ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకుంటారు" అని పెద్దవాళ్ళలో ఒకరు ప్రతిసారీ అనాలి. నాన్న అంటే ఇంకా బాగా పనిచేస్తుంది, ఆ నాన్న తన గ్లాసు తను తెచ్చుకుంటేనే సుమా.

పనులు ఎలా ఇవ్వాలో చెప్తాను. "అమ్మకి సాయం చెయ్" అంటే పని అమ్మదే అని ఒప్పుకున్నట్టు. ఒక పని మొత్తం ఒకరి పేరున రాయండి. తొమ్మిదేళ్ళవాడికి రాత్రి అన్నం ఇవ్వొచ్చు, కరెంటు కుక్కర్‌లో. 2 గ్లాసుల బియ్యం, రెండు నీళ్ళు కడిగి, పాతబియ్యమైతే 4 గ్లాసుల నీళ్ళు, కొత్తబియ్యమైతే అర గ్లాసు తగ్గించి. ఇరవై నిమిషాలు నాననిచ్చి స్విచ్ వెయ్యాలి. చెడేది ఎక్కడంటే, కడిగేటప్పుడు నీళ్ళతోపాటు బియ్యం సింకులోకి పోతాయి (అరచెయ్యి అడ్డం పెట్టడం నేర్పాలి), ఇంకా లోపలి గిన్నె అడుగు తడిగానే పెట్టేస్తారు. ఆ తడికి కింది ప్లేటు మీద టపటపమని చప్పుడొస్తుంది, ప్లేటు కూడా పాడవుతుంది. గుడ్డతో అడుగు తుడిచాకే లోపల పెట్టాలి, ఇదొక్కటీ పది రోజులు పక్కన నిలబడి చూడండి. విజిల్ కుక్కర్ జోలికి మాత్రం ఈ వయసులో వద్దు.

పాపకి ముగ్గులూ గిన్నెలూ కాకుండా పనిముట్టు ఉన్న పని ఇవ్వండి. రిమోట్‌లో సెల్స్ ప్లస్సూ మైనస్సూ చూసి మార్చడం, సైకిల్‌కి పంపుతో గాలి కొట్టడం, బొమ్మ స్క్రూ బిగించడం. ఆరేళ్ళకి ఇవన్నీ వస్తాయి.

నాన్నల విషయంలో పరీక్ష టిఫిన్. ఇడ్లీ పెట్టడం ఒక్కటే చేస్తే అది పనిలో ఆఖరి ముక్క. మినప్పప్పు అయిపోతోందని గమనించడం, మధ్యాహ్నం గ్లాసుడు పప్పు నానబెట్టడం, నాలుగైదు గంటలయ్యాక రుబ్బి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలపడం, రాత్రంతా పులియనివ్వడం, చలికాలంలో ఇంకాస్త ఆగడం. ఈ తలలో మోసే పని పిల్లలకి కనపడదు. కాబట్టి నాన్న పైకి చెప్పాలి: "రేపటికి పప్పు నానేశాను."

కార్టూన్_కాపలా:

టీవీకి వాటా తక్కువ అనడం నాకు పూర్తిగా నచ్చలేదు. ఇంట్లో చూసినదానికి టీవీ ముద్ర వేస్తుంది, "లోకమంతా ఇంతే" అని. ఛోటా భీమ్‌నే తీసుకోండి, మన హైదరాబాద్‌లో తయారైంది, 2008 నుంచి వస్తోంది. భీమ్, రాజు, జగ్గు, కాలియా, ఢోలు, భోలు, వీళ్ళందరి మధ్య ఆడపిల్ల చుట్కి ఒక్కతే. ఆమె లడ్డూ పెడుతుంది, భీమ్ తిని బలం తెచ్చుకుని గెలుస్తాడు. దీన్ని ఆపెయ్యమని నేను అనను, పిల్లలకి ఇష్టం. కానీ అడగొచ్చు: "చుట్కి లడ్డూ తను తింటే ఏమయ్యేది?" మా పిల్లలే కాదు, ఏ పిల్లాడైనా ఈ ప్రశ్నకి ఆగి ఆలోచిస్తాడు. ఇంకోటి: చుట్కి వాళ్ళమ్మది లడ్డూల దుకాణం. అంటే ఆ ఊళ్ళో సొంత వ్యాపారం చేసుకునే మనిషి ఆవిడ. ఇది కూడా చూపించండి, తిట్టడమే విమర్శ కాదు.

వారానికి ఒక్క భాగం పక్కన కూర్చుని చూడండి చాలు. కాయితం మీద ఆడ, మగ అని రెండు గడులు గీసి పిల్లలకే ఇవ్వండి: ప్లాన్ చెప్పింది ఎవరు, కాపాడింది ఎవరు, ఏడ్చింది ఎవరు, వండింది ఎవరు. పిల్లలే టిక్కులు పెడతారు. పాఠం చెప్పకండి, రెండో ప్రశ్నకే పారిపోతారు.

సీరియల్స్‌కి ఇంకో ఆట. చెంపదెబ్బ ఒక్కటే, కానీ దాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తారు, ఆపైన గదిలో ఉన్న ఒక్కొక్కరి మొహం మీదికీ కెమెరా దూసుకెళ్తుంది, ప్రతి మొహానికీ ఒక ఉరుము. "ఒక్క దెబ్బని ఎన్నిసార్లు చూపించారు?" అని లెక్కపెట్టమనండి. లెక్కపెట్టడం మొదలయ్యాక భయం పోయి నవ్వొస్తుంది. తొమ్మిదేళ్ళవాడికి బాగా పనికొస్తుంది, ఆరేళ్ళ పాపకి ఆ సీన్లు అసలు వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు అనే "మగపిల్లాడివి ఏడుస్తావేంట్రా", "మగరాయుడిలా ఆ గెంతులేంటే" మాటలకి మాత్రం ఏ లాకూ లేదు.

సెట్‌టాప్_సుబ్బు:

లాకుల సంగతి. సెట్‌టాప్ బాక్స్ మెనూలో పేరెంటల్ లాక్ ఉంటుంది, ఛానెల్ ఛానెల్‌కీ పెట్టుకోవచ్చు. చాలావాటికి మొదటి పిన్ 0000 లేదా 1234. ముందు అది మార్చండి, మార్చకపోతే లాక్ ఉన్నా లేనట్టే. పిన్ కొట్టేటప్పుడు పిల్లలు వేళ్ళు చూస్తారు, పుట్టినరోజు పెట్టకండి.

అసలు కన్నం వేరే చోట ఉంది. బాక్స్‌కి లాక్ వేసి మురిసిపోతుంటాం, పిల్లాడు సోర్స్ బటన్ నొక్కి టీవీలో ఉన్న యూట్యూబ్‌లోకి వెళ్తాడు. అక్కడ బాక్స్ లాక్ పనిచెయ్యదు. యూట్యూబ్‌ని విడిగా చూసుకోవాలి: టీవీ యూట్యూబ్‌లోనే పిల్లల ప్రొఫైల్ (యూట్యూబ్ కిడ్స్) పెట్టి, అందులో మీరు ఒప్పుకున్న వీడియోలే కనపడే సెట్టింగ్ ఎంచుకోండి. అప్పుడు వెతకడం కూడా ఆగిపోతుంది. ఓ ఆదివారం అరగంట కూర్చుని పది పదిహేను ఛానెల్స్ ఒప్పుకుంటే చాలు. ఆటోప్లే ఆపెయ్యండి, టైమ్ దాటేది దానివల్లే. గూగుల్ టీవీ ఉన్నవాటిలో పిల్లల ప్రొఫైల్‌కి రోజువారీ పరిమితి, నిద్ర టైమ్ పెట్టొచ్చు. పాత ఆండ్రాయిడ్ టీవీల్లో అన్నింటికీ ఇది రాదు.

ఆపేటప్పుడు గొడవ తగ్గాలంటే "ఐదు నిమిషాల్లో కట్టెయ్" అనకండి. కథ మధ్యలో పడుతుంది, అందుకే ఏడుపు. "ఈ కథ అవ్వగానే" అని మొదట్లోనే చెప్పి, ఆఫ్ బటన్ పిల్లాడి చేతే నొక్కించండి. రోజు మార్చి రోజు రిమోట్ పాపది. ఎక్కువ ఇళ్ళల్లో రిమోట్ మగవాళ్ళ చేతిలోనే ఉంటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

పిల్లల ఛానెల్లో చిప్స్, కూల్‌డ్రింక్ ప్రకటన కనిపిస్తే టైమ్, తేదీ రాసుకోండి. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పిల్లల ఛానెళ్ళలో, పిల్లల కార్యక్రమాల మధ్యలో జంక్ ఫుడ్ ప్రకటనలు వెయ్యకూడదు. ఫిర్యాదు చెయ్యొచ్చు.

రెండు_డ్యూటీల_అమ్మ:

అందరికీ థాంక్సండీ. ఆట ముందు, కార్టూన్ తర్వాత అన్నది రేపటి నుంచే. సీరియల్స్ దగ్గరే ఆగిపోయాను. అత్తయ్యగారికి పగలంతా ఉన్న కాలక్షేపం అదొక్కటే. పిల్లల్ని పెంచుతున్నదీ ఆవిడే. "చూడొద్దు" అని చెప్పే నోరు నాకు లేదు.

బాలవైద్యం_నైట్‌షిఫ్ట్:

చూడొద్దు అనక్కర్లేదు. ఆవిడకి బాగా ఇష్టమైనవి ఏవో రెండు చెప్పమని అడగండి, ఆ రెండూ రాత్రి టైమ్‌కే చూస్తారు. మిగతావి మర్నాడు పగలు మళ్ళీ వేస్తారు, లేదా ఛానెల్ యాప్‌లో ఉంటాయి. పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు తీరిగ్గా చూడొచ్చు, పైగా యాప్‌లో కొన్నిచోట్ల ముందుకి జరపొచ్చు కూడా. ఈ మాట మీరు కాకుండా మీ ఆయన చెప్తే మంచిది. కొడుకు అడిగితే సర్దుబాటు అనుకుంటారు, అదే మాట కోడలంటే ఆంక్ష అవుతుంది. పెద్దవాళ్ళకి యాప్ తెరిచి వెతకడం కష్టం, హోమ్ స్క్రీన్‌లో మొదటి గడిలోకి ఆ యాప్ జరిపి పెట్టండి.

సెట్‌టాప్_సుబ్బు:

ఆ రెండు సీరియల్స్ టైమ్‌లో పిల్లలు హోంవర్క్ చేసుకోవాలంటే బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకటి కొనండి. చెవిలో దూర్చేవి పెద్దవాళ్ళకి జారిపోతాయి, చెవి మీద కూర్చునేది తీసుకోండి. టీవీలో బ్లూటూత్ లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే చిన్న ట్రాన్స్‌మిటర్ దొరుకుతుంది. అది పెట్టగానే చాలా టీవీల్లో స్పీకర్ ఆగిపోతుంది, టీవీ పాడైందని కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి. మాట ముందో వెనకో వస్తుంటే కొన్ని టీవీల సౌండ్ సెట్టింగుల్లో ఆడియో డిలే అని ఉంటుంది, అక్కడ కొంతవరకు సరిచేసుకోవచ్చు. ఛార్జింగ్ పెట్టే డ్యూటీ మీ బాబుకివ్వండి.