మొలచేలంబా, కటిచేలంబా?

వారం రోజులుగా ఒక పాదం నాలుక మీదే ఆడుతోంది, ముందుకు కదలట్లేదు. "మొలచేలంబు బిగించి పింఛమునఁ జక్కం గొప్పు బంధించి..." ఆ తర్వాత ఏదో సంస్ఫాలనం, చివర్లో గుభగుభ. పోతన భాగవతం, కృష్ణుడు చెట్టు కొమ్మ మీంచి కాళియుడి మడుగులోకి దూకే పద్యం, అంతవరకు ఢోకా లేదు. సంగతేంటంటే అమ్మకు తుంటి ఆపరేషన్ అయింది, హనుమకొండలో రోజూ ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నా. అక్కడ గోడ మీద ఎముకల బొమ్మ, కింద 'శ్రోణి మేఖల' అని ఉంది. మేఖల అంటే ఒడ్డాణం కదా అనుకున్నా, ఒడ్డాణం నుంచి ఈ పాదం గుర్తొచ్చింది, ఇక వదలట్లేదు. మొలచేలమా, కటిచేలమా? కటి అయితే అది నడుమా, తుంటా?

అరసున్న: కటి. ఇందులో చర్చకే తావు లేదు. తక్కిన పాదాల మొదలు చూడండి: "స్తట", "త్కుట", "క్తట". ప్రాస టకారం. మీ మొల పెడితే లకారం వచ్చి కూర్చుంటుంది. పైగా పద్నాలుగో అక్షరం "క్కం", దానికి యతి 'క'తోనే కుదురుతుంది. అయితే మొలచే, కటిచే రెండూ సగణాలే (రెండు లఘువులు, ఒక గురువు) కాబట్టి మత్తేభం నడక ఎక్కడా కుంటదు, మీ చెవి మోసపోయింది అందుకే.

పోస్టు పెట్టినవాణ్ణి: ఒప్పుకున్నా సార్. మా నానమ్మ మొల అనే చదివేది, ఆమెకు ప్రాసతో పనిలేదు. మరి రెండో ప్రశ్న?

పాతపంతులు: అమరకోశం తీయండి, సంస్కృత నిఘంటువు. "కటిః శ్రోణిః కకుద్మతీ" అని ఒకే వరుసలో పెట్టాడు. నడుముకు మధ్యమం, అవలగ్నం అని వేరే మాటలిచ్చాడు. కాబట్టి కటి అంటే తుంటి భాగమే. నడుము అనే అర్థం మనవాళ్లు తర్వాత సాగదీసుకున్నది. ఇంతటితో సరి.

ఫిజియో అక్క: సరి కాదు పంతులుగారూ, రోజూ ఆ ఎముకలతోనే నా బతుకు. మీ చెయ్యి పక్కటెముకల కింద పెట్టి కిందికి జార్చండి, మెత్తగా పోయి పోయి ఒక గట్టి అంచు తగులుతుంది. అది ఇలియం, అంటే తుంటి ఎముక పైభాగం, దాని పై అంచు. మొలతాడు ఆగేది దాని మీద, బిందె ఆనేది దాని మీద, 'సంకల పిల్ల' నిజానికి కూర్చునేదీ దాని మీదే. రెండు వైపులా ఆ అంచులను కలుపుతూ వీపు మీద గీత గీస్తే దాదాపు నాలుగో నడుము పూస దగ్గరికి వస్తుంది. అంటే బట్ట బిగించే చోట నడుమూ ఉంది, తుంటీ ఉంది. పోతన గీత మీద కట్టించాడు, మీరు ఇటో అటో లాగుతున్నారు.

ఇంకోటి. 'తుంటి విరిగింది' అంటారు గానీ ఎక్కువసార్లు విరిగేది తొడ ఎముక పైభాగం, మెడ దగ్గరో దాని కిందో. తుంటి ఎముక వేరే, అది చిన్నప్పుడు మూడు ముక్కలు (ఇలియం, ఇస్కియం, ప్యూబిస్), పదిహేనేళ్లు అటూ ఇటూగా ఒకటవుతాయి. ఆ మూడూ కలిసే చోటే గిన్నె, తొడ ఎముక బంతి అందులో తిరుగుతుంది. మరి తుంటి అంటే బంతా, గిన్నెనా, పైనున్న కండనా? ముందు ఆ మాట తేల్చండి, కటి సంగతి తర్వాత చూద్దాం.

పాతపంతులు: అమ్మా, కవి శవపరీక్ష చెయ్యడు.

పాలంపేట దారి: నాట్యశాస్త్రం అడగండి, అది చెప్తుంది. కటికి ఐదు కదలికలు: ఛిన్న, నివృత్త, రేచిత, ప్రకంపిత, ఉద్వాహిత. ఛిన్నలో తిరిగేది నడిమి భాగం, ఉద్వాహితలో లేచేది పక్కలు. ఒకే మాట, రెండు చోట్లు. నమ్మకపోతే 1213 నాటి రామప్ప గుడికి రండి, మదనిక శిల్పం ముందు నిలబడి చూడండి. బరువంతా ఒక కాలి మీద వేసి, ఆ వైపు తుంటి పక్కకు తోసి, పైన ఒళ్లు ఇటు వంచింది. ఆ వంపులో నడుమెక్కడ ఆగింది, తుంటెక్కడ మొదలైంది, వేలు పెట్టి చూపించగలరా? ఇక నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని...

అరసున్న: వచ్చాడండీ జాయప. ఆయన్ని దింపకుండా మీరు ఒక్క కామెంటూ ముగించరు.

మోకుముస్తాదు: అందరూ కటి పట్టుకొని వేలాడుతున్నరు, అసలు ముడి రెండో పాదంలో ఉంది. "చరణద్వంద్వంబుఁ గీలించి". ఏం చేసిండు కాళ్లతో? మా నాయన తాళ్లెక్కేటోడు. పొద్దున చెట్టు కింద ఆయన వరుస ఇదే: దట్టీ బిగించుడు, తలకు గుడ్డ చుట్టుడు, అరచేతులు రుద్దుడు, రెండు పాదాలకు కలిపి బంధం వేసుకునుడు. పద్యంలో వరుసా అదే, అరచేతులు రుద్దే కాడ భుజాలు చరుచుడు (సంస్ఫాలనం) అంతే! పోతన ఊరు బమ్మెర చుట్టూ తాళ్లకు తక్కువా? ఆయన గౌడన్నను చూసే రాసిండని నా నమ్మకం. కీలించి అంటే జోడించి.

అరసున్న: అన్నా, వరుస బాగుంది, కానీ ఆయన ఎక్కట్లేదు, దూకుతున్నాడు. కీలించడమంటే మేకు కొట్టినట్టు కదలకుండా నిలపడం. కొమ్మ మీద పాదాలు గట్టిగా ఊనాడు, అంతే. ద్రుతం (ముందు మాట చివరి నకారం) మీద కకారం గకారమైంది, గీలించి అనే వేరే ధాతువు కోసం వెతక్కండి (పోయినసారి ఒకాయన వెతికారు).

బాయిగడ్డ: బాయిల దుంకనోళ్లు చెప్పే అర్థాలివన్నీ. మా ఊళ్ల ఎండాకాలం సెలవులంటే పొద్దంతా వ్యవసాయ బాయే. గడ్డ మీంచి నిలువుగ దుంకాలంటే గాల్లో ఉన్నప్పుడే రెండు కాళ్లూ దగ్గరికి బిగబట్టాలె. విడిపోయినయో, నీళ్లు తొడల మధ్య చరిస్తే రెండు రోజులు గజ్జల్లో మంట, నడక బాతునడకే. కాళ్లు కలిపి దుంకితే మనిషి మొలలోతు దాటినంక నీళ్లు మీద మూసుకుంటయి, అప్పుడొస్తది ఆ గుభ్ అనే చప్పుడు. అడ్డంగ పడితే చట్ మంటది. చప్పుడుతోనే తెలుస్తలేదా, కాళ్లు జోడించిండని?

ఫిజియో అక్క: తమ్ముడి మాటకు నా ఓటు. తొడ లోపలి కండరాలు రెండు తొడల్నీ దగ్గరికి లాగుతాయి, అవన్నీ పుట్టేది ప్యూబిస్, ఇస్కియం చుట్టుపక్కలే. అంటే కీలించింది పాదాలైనా, పట్టు మాత్రం మళ్లీ కటిదే. అరసున్న గారు చెప్పినట్టు కొమ్మ మీద బిగుసుకొని నిలబడితే దూకలేడు. తుంటి, మోకాలు ముందు మడవాలి, తర్వాత పిరుదు కండరం ఒక్కసారిగా తుంటిని చాచాలి.

అరసున్న: దేవుడమ్మా. మీ కండరాల లెక్క ఆయనకెందుకు.

పాతపంతులు: దేవుడే అయితే కటిచేలం బిగించుకోవడం ఎందుకు? పోతన అక్కడే ఉన్నాడు. పసివాడు ఆటకు తయారైనట్టు తయారయ్యాడు, చివరికి వచ్చేసరికి "గోపాలసింహంబు" అయ్యాడు. "నల్లనివాడు" పద్యంలో కూడా...

పాలంపేట దారి: పంతులుగారూ, మీరు నల్లనివాడిలోకి వెళ్తే నేను జాయపలోకి వెళ్తా, ముందే చెప్తున్నా.

పోస్టు పెట్టినవాణ్ణి: అమ్మకు ఇదంతా చదివి వినిపించా. ఇప్పుడు వాకర్‌తో నాలుగడుగులు వేస్తోంది, ఆపరేషన్ అయిన కాలి మీద నిలబడగానే రెండో వైపు తుంటి కిందికి జారుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఫిజియో అక్కా, దీనికి పక్క కండరం బలం చాలకపోవడమే కారణమని అక్కడా చెప్పారు. కటి అంటే ఎక్కడే అమ్మా అని అడిగితే, కుట్ల మీద చెయ్యి పెట్టి "నొచ్చే కాడ" అంది.

మోకుముస్తాదు: అమ్మకు దండాలు. మరి కీలించి?

అరసున్న: ఊనడం.

బాయిగడ్డ: జోడించుడు.

పాతపంతులు: అది ఉండనీయండి. గుభగుభ అంటున్నారు, నా ప్రతిలో "గుబగుబ" అని ఉంది. భకారం ఎవరు పెట్టారు?