బరువు తగ్గాక వేలాడే చర్మం: ఆపరేషన్ అవసరమా, సోకా?

సత్తెనపల్లి టీచర్:
రెండేళ్లలో 47 కిలోలు తగ్గాను, 109 నుంచి 62కి. నాకు 43 ఏళ్లు. షుగరు మాత్ర సగానికి తగ్గించారు, బడి మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. అయితే పొట్ట కింద చర్మం మడత పడి తొడల మీదికి జారింది. లంగా బొందు ఎక్కడ కట్టుకోవాలో తెలియడం లేదు. మడత పైన కడితే క్లాసు మధ్యలోనే కుచ్చిళ్లు జారతాయి. మడత లోపలికి దూర్చి కడితే సాయంత్రానికి ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోతుంది. మొన్న మే నెలలో నీరు కూడా కారింది, వాసన వేసింది. పిల్లలకు ఎక్కడ తెలుస్తుందోనని బల్లకు దూరంగా నిలబడి పాఠం చెప్పాను.

ఆపరేషన్‌కి మూడు లక్షల దాకా అవుతుందన్నారు. నేను పాడుకున్న చిట్టీ డబ్బు ఉంది. మా ఆయనేమో "ఇంత తగ్గావు, చాలదా? చీర కడితే ఎవరికి కనిపిస్తుంది? అమ్మాయి ఇంటర్‌కొచ్చింది, ఇప్పుడు ఈ సోకులెందుకు?" అంటున్నారు. మీరు చెప్పండి, ఇది అవసరమా, సోకా?

కరీంనగర్ అన్న:
అక్కా, కోపానికి రాకు. నేను గూడ 38 కిలోలు తగ్గిన. మొదట్ల నా చేతులు చూసుకుంటే నాకే ఏడుపొచ్చేది. రెండేండ్లు బరువులెత్తిన, దినాం గుడ్లు, పప్పు తిన్న. ఛాతి నిండింది, చేతులు నిండినయి. పొట్ట మీద ఇంక కొంచెం ఉంది, ఉండనీ అనుకున్న. ఆపరేషనంటే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాక కోస్తరు, ఆ గీత బతుకంత ఉంటది. అంత కష్టపడి బాగుచేసుకున్న ఒంటి మీద మళ్ల కత్తి ఎందుకు? ఆ పైసలు బిడ్డ చదువుకు పెట్టు.

విశాఖ స్టాఫ్ నర్సు:
తమ్ముడూ, మీరు చేసింది మంచి పని. కానీ మీకు జరిగిందే ఆవిడకీ జరుగుతుందని చెప్పలేం. చర్మాన్ని వెనక్కి లాగి పట్టేది ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ల తరబడి సాగిపోతే అవి తెగిపోతాయి, పెద్దయ్యాక మళ్లీ సరిగా పుట్టవు. పాత లాగు ఎలాస్టిక్ ఒకసారి వదులైతే బిగుస్తుందా? వయసు, ఎన్నేళ్లు లావుగా ఉన్నారు, ఎన్ని కిలోలు తగ్గారు, పొగ తాగుతారా, వీటిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కండ పెరిగితే భుజాలు, తొడలు కొంత నిండుతాయి. పొట్ట కింద వేలాడే మడతను నింపడానికి అక్కడ కండే లేదు.

టీచర్ గారూ, రెండు ఆపరేషన్ల పేర్లు వింటారు. ప్యానిక్యులెక్టమీలో వేలాడే చర్మాన్ని మాత్రం తీసేస్తారు. టమ్మీ టక్‌లో లోపల విడిపోయిన పొట్ట కండరాలను కూడా దగ్గరకు లాగి కుడతారు, బొడ్డును కొత్త చోట అమరుస్తారు. మీకు చెప్పిన మూడు లక్షలు దేనికో అడగండి. బరువు కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఒకేచోట నిలబడ్డాకే చేయించుకోవాలి. ముందుగా హిమోగ్లోబిన్, ప్రోటీన్, బి12 చూపించుకోండి. తిండి తగ్గించి సన్నబడ్డవాళ్లలో ఇవి పడిపోయి ఉంటే కుట్లు త్వరగా మానవు. షుగరు అదుపులో ఉండాలి.

ఈలోగా స్నానం చేశాక మడత లోపల నూలు గుడ్డతో అద్ది ఆరబెట్టండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు మాత్రం వద్దు. రెండ్రోజులు దురద ఆగినట్టుంటుంది, లోపల తామర పాకిపోతుంది, చర్మం పల్చబడుతుంది. నేను రోజూ చూసేది ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వరంగల్ అమ్మాయి:
కొల్లాజెన్ క్రీములు రాస్తే బిగుస్తదా అక్కా? నెలకు రెండు డబ్బాలు కొంటున్న.

విశాఖ స్టాఫ్ నర్సు:
బిగవదమ్మా. కొల్లాజెన్ అంటే చర్మానికి పట్టునిచ్చే ప్రోటీన్. దాని అణువు పెద్దది, పైపొర దాటి లోపలికి పోదు. చర్మం మెత్తబడుతుంది, అంతే. ఆ డబ్బు దాచుకో.

డాలస్ కోడలు:
నేను 2022లో చేయించుకున్నాను. మాది భీమవరం. మంచీ చెడ్డా రెండూ చెబుతాను అక్కా. పొట్టకు రెండు వైపులా గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్డీలు. పూటపూటకీ అందులో దిగిన నీరు వంచి, కొలిచి రాసుకోవాలి. వారం పైన వంగి నడిచాను. గొట్టాలు తీసేశాక కూడా లోపల నీరు చేరింది, దాన్ని సీరోమా అంటారు. మూడుసార్లు సిరంజితో లాగారు. బిగుతు బెల్టు ఆరు వారాలు. బొడ్డు కింద ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. మా అమ్మ వచ్చి పక్కనుండబట్టి గానీ ఒక్కదాన్నైతే నావల్ల అయ్యేది కాదు. ఆ రోజులు మళ్లీ తలుచుకోవాలని లేదు. కానీ ఆ పుండ్లు మాత్రం పోయాయి. చర్మం కింద చెమ్మ లేకుండా పడుకోవడం ఎలా ఉంటుందో పదేళ్ల తర్వాత తెలిసింది.

ఇక్కడ ఇన్సూరెన్స్ వాళ్లు నెలల తరబడి మందులు వాడినా పుండు తగ్గలేదని రికార్డు, ఫొటోలు అడిగారు. అవన్నీ ఉండబట్టే ఇచ్చారు.

హైదరాబాద్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ఉద్యోగి:
మన దగ్గర పాలసీల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ మినహాయింపు ఉంటుంది. కానీ ఆ వాక్యం పూర్తిగా చదవండి మేడం. ఒంటికి నేరుగా, వెంటనే ముప్పు తెచ్చేదాన్ని తొలగించే చికిత్సలో భాగమని డాక్టర్ ధ్రువీకరిస్తే మినహాయింపు వర్తించదు. వస్తుందని మాట ఇవ్వలేను, చాలా తిరస్కరిస్తారు. అయినా కాగితం లేకుండా అడిగేకన్నా కాగితంతో అడగడం నయం. ఇవాళ్టి నుంచే చర్మ డాక్టర్ చీటీలు దాచండి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

కరీంనగర్ అన్న:
పుండ్ల సంగతి నేను సరిగ్గ పట్టించుకోలేదు అక్కా, మాఫ్ చెయ్యి. అది రోగమే. అయినా ఒక్క మాట మీదనే ఉన్న: పెద్ద ఆపరేషన్, కాళ్లల్ల రక్తం గడ్డకట్టే భయం గూడ ఉంటది. తొందరపడకు. ముందుగాల మందులు పూర్తిగ వాడి చూడు.

సత్తెనపల్లి టీచర్:
అందరికీ దణ్ణాలు. ఉగాది నుంచి 62, 63 మధ్యే ఉంటున్నాను. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు ముందు మందులే వాడతాను, శనివారం గుంటూరులో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. సోకు అసలు లేదని అనను. అద్దంలో నా ఒళ్లు చూసుకుని సంతోషపడాలని నాకూ ఉంది, అది తప్పని అనుకోను.

ఫొటోలు తీయమన్నారు కదా. మడత కింద నాకు నేనుగా తీసుకోవడం కుదరలేదు. రాత్రి మా ఆయన్నే తీయమన్నాను. నేను రెండు చేతులతో మడత పైకెత్తి పట్టుకున్నాను, ఆయన ఫోన్ లైటు వేశారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇది ఇన్నాళ్లూ ఇలాగే ఉందా?" అని అడిగారు.