స్పానిష్ బిగినర్స్‌కి కాగ్నేట్స్ పట్టుకోవడం ఎలా అలవాటు చేస్తారు?

మణికొండ_టీచర్:
హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లలకి స్పానిష్ చెప్తున్నాను, వాళ్లకిది మొదటి ఏడాది. పుస్తకంలో కాగ్నేట్స్ (రూపంలోనూ అర్థంలోనూ ఇంగ్లీషు మాటలకి దగ్గరగా ఉండే స్పానిష్ మాటలు) లిస్టు ఉంది, గడగడా అప్పజెప్తారు. అదే మాట పేరాలో కనబడితే మాత్రం ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టి "మేడమ్, మీనింగ్?" అంటారు. మొన్న 'ఎస్తుదియాంతే' వచ్చింది, స్టూడెంట్ అని ఒక్కరికీ తట్టలేదు. ఇంకో బ్యాచ్ ఉంది, ప్రతి ఇంగ్లీషు మాటకీ చివర 'ఓ' తగిలించి స్పానిష్ అయిపోయిందంటారు. ఫాల్స్ ఫ్రెండ్స్ (ఇంగ్లీషు మాటలా కనిపించి వేరే అర్థం ఇచ్చేవి) గురించి మొదట్లోనే హెచ్చరించాలా, తర్వాత చూసుకోవాలా?

లా_ప్రొఫె:
ఆ లిస్టు పక్కన పెట్టేయండి మేడమ్. వాళ్లకి రావాల్సింది వెతికే అలవాటు, అది బట్టీ పడితే వచ్చేది కాదు. ఒక మ్యూజియం నోటీసో, హోటల్ మెనూనో ఇచ్చి, డిక్షనరీ లేకుండా, తెలిసినట్టు అనిపించిన ప్రతి మాట కిందా పెన్సిల్‌తో గీత గీయమనండి, తర్వాత మొత్తం దేని గురించో ఒక్క వాక్యంలో చెప్పమనండి. ముందు అచ్చం ఇంగ్లీషు స్పెల్లింగే ఉన్నవి (ఆనిమాల్, ఓస్పితాల్), తర్వాత తోకలు: 'షన్' ఉన్నచోట 'సియోన్', 'టీ' ఉన్నచోట 'దాద్', అంటే యూనివర్సిటీ ఉనివెర్సిదాద్ అవుతుంది.

ఎస్తుదియాంతే తట్టకపోవడానికి కారణం ముందున్న 'ఎ'. స్పానిష్‌లో మాట 'స్త', 'స్ప', 'స్క' లాంటి వాటితో మొదలవదు, ముందు 'ఎ' రావాల్సిందే: ఎస్కువేలా (స్కూల్), ఎస్తాసియోన్ (స్టేషన్), ఎస్పెసియాల్ (స్పెషల్). ఆ మొదటి అక్షరాన్ని వేలితో మూసి చదవమనండి, స్పెషల్ అయితే అచ్చం ఇంగ్లీషు స్పెల్లింగే మిగులుతుంది. మన ఊళ్లలో ఇస్కూలు, ఇస్టేషను అంటారు కదా, అదే పని అని చెప్పండి, ఇక మర్చిపోరు.

'ఓ' బ్యాచ్‌కి ఒకటే మాట: కాగ్నేట్ చదివి అర్థం చేసుకోవడానికి, సొంతంగా తయారు చేయడానికి కాదు.

ఆస్టిన్_అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ మిడిల్ స్కూల్లో స్పానిష్ 1 తీసుకుంది, చదవడం బాగానే ఉంది గానీ వింటే ఒక్క ముక్క అర్థం కాదు. పేపర్ మీద జనరల్‌లా కనిపించేది చెవికి 'హెనెరాల్' అని వినబడితే పిల్ల ఎలా పోల్చుకుంటుందండీ? హోటల్ అంటే 'ఓతెల్', మొదటి అక్షరం పలకనే పలకరు. నేను తెలుగులో రాసుకోమన్నాను, స్పానిష్ త, ద మన వాటికి బాగా దగ్గర కాబట్టి ఇంగ్లీషులో రాసుకోవడం కంటే నయం. ముందు పేపర్ బోర్లించి వినిపించి, ఆ తర్వాతే చూపించండి.

పాతబస్తీ_పాలిగ్లాట్:
అసలు చిక్కు ఎవరూ చెప్పలేదు. ఇదంతా ఇంగ్లీషు మీదుగా నడిచే వ్యవహారం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాటలు ఇంగ్లీషులోకి కుప్పలుగా వచ్చాయి, ఫ్రెంచ్, స్పానిష్ రెండూ లాటిన్ నుంచి వచ్చినవే కాబట్టి పోలికలు. కానీ స్పానిష్‌లో రోజూ వాడే మాటకి ఇంగ్లీషులో జోడీ చాలాసార్లు పుస్తకాల మాట అయి కూర్చుంటుంది. బిల్డింగ్‌ని 'ఎదిఫిసియో' అంటారు, దాని జోడీ ఎడిఫిస్, ఆరో తరగతి పిల్లాడు ఆ మాట ఎక్కడ విన్నాడు? పిల్లలకి తెలిసిన చుట్టరికాలు వెతకండి: దోర్మీర్ (నిద్రపోవడం) అంటే డార్మిటరీ, ఆగువా అంటే అక్వేరియం.

ఫాల్స్ ఫ్రెండ్స్ మొదటి రోజే వద్దు, పిల్లలు ప్రతి మాటనీ అనుమానిస్తారు. ఎదురైనప్పుడు పట్టుకోండి. 'లా కార్పెతా ఎస్తా ఎన్ లా మొచీలా' అని బోర్డు మీద రాసి, మొచీలా అంటే బ్యాగు అని మాత్రం చెప్పండి. బ్యాగులో కార్పెట్ ఎలా పట్టిందని వాళ్లే అడుగుతారు, అప్పుడు అది కాగితాలు పెట్టుకునే ఫైల్ అని చెప్పొచ్చు. 'ఎంబరసాదా' ఒక్కటి మాత్రం ముందే చెప్పేయండి, సిగ్గేసింది అనబోయి గర్భవతిని అని చెప్పుకుంటారు.

తెనాలి_టు_తొలెదో:
త్రెస్–త్రి, నువేవే–నవ, దియెంతే–దంతం కూడా చెప్పండి, సంస్కృతం, లాటిన్ ఒకే కుటుంబం కదా.

లా_ప్రొఫె:
సరదాకి ఐదు నిమిషాలు ఓకే. వీటితో మెనూ చదవలేరు.

మణికొండ_టీచర్:
థాంక్స్ అందరికీ. సోమవారం మెనూతో మొదలుపెడతాను, వేలితో మూయడం కూడా. మరి హోంవర్క్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ వాడేస్తున్నారు, దానికేం చేస్తున్నారు?

లా_ప్రొఫె:
గీతలు గీసే పని క్లాసులోనే చేయించి పేపర్లు అక్కడే తీసుకోండి. ఇంటికి వినే పని మాత్రమే ఇవ్వండి.