ప్లస్ టూ చివర్లో పుంజుకుంటే ప్రయోజనం ఉంటుందా?

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు ప్లస్ టూ సైన్సు రెండో సంవత్సరం. పదో తరగతిలో 61 శాతం వచ్చింది. మొదటి సంవత్సరం అంతకన్నా అన్యాయం, ఫిజిక్స్‌లో గట్టెక్కడమే గగనమైంది. అప్పుడు నాన్నగారికి ఆరోగ్యం బాగాలేక కొట్టు నేనే చూసుకున్నాను. (అది సగం నిజం. మిగతా సగం క్రికెట్టు.) వేసవి నుంచి కుదురుగా చదువుతున్నాను, మొన్నటి పరీక్షలో 78 దాటింది.

పాతపట్నంలో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి, ఆంధ్రాలో ఇంటర్ రెండేళ్ల మార్కులూ కలుపుతారు కాబట్టి నా పని అయిపోయినట్టే అంటున్నాడు. మాకు మొదటి ఏడాది పరీక్ష కాలేజీయే పెట్టింది, బోర్డు పరీక్ష ఇప్పుడే రాయాలి. మరి ఆ పాత మార్కులు ఎవరైనా అడుగుతారా?

బరంపురంలో బీఎస్సీ చేయాలని ఉంది. శామ్స్ (ఒడిశా కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) ద్వారా దరఖాస్తు చేసినవారు, పోయినసారి ఎంత శాతానికి సీటు వచ్చిందో చెప్పగలరా? ఎన్‌ఐటీకి జేఈఈ ర్యాంకుతో పాటు పన్నెండులో 75 శాతమో, బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో స్థానమో కావాలని తెలుసు. అంత ఆశ లేదు గానీ 75 పోగొట్టుకోకూడదని పట్టుదల. కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కోసం సీయూఈటీ రాస్తే బోర్డు చదువు దెబ్బతింటుందా? రెండూ కలిపి చదివినవారు రోజును ఎలా పంచుకున్నారో చెప్పండి. ఫిజిక్స్‌కు ఒడియా మాధ్యమం పుస్తకం ఏదైనా సూచిస్తే ఇంకా మేలు.