లాగే బండా, తోసే బండా? గోల్ఫ్ బ్యాగుకు మడత ట్రాలీ కొనేముందు మీ సలహా కావాలి

పానగల్లు సుబేదార్:
అందరికీ నమస్కారం. సైన్యంలో ఉన్నప్పుడు కంటోన్మెంటు మైదానంలో గోల్ఫ్ నేర్చుకున్నాను. రిటైరై నల్లగొండ వచ్చాక కూడా ఆట మానలేదు. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురం ఒకే చిన్న కారులో బయలుదేరి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, గోల్కొండ నయా ఖిల్లాలోని మైదానానికి వెళ్తాం. అక్కడి హాథియాన్ అనే భారీ బావోబాబ్ చెట్టు పక్కగా పొద్దున్నే నడవడం నాకు వారం మొత్తానికి పెద్ద సంతోషం.

ఇప్పుడు నా వయసు 58. బ్యాగును మా వీధి కిరాణా కొట్టులో తూకం వేయించాను. 14 క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు), రెండు లీటర్ల నీళ్లు, బంతులు, గొడుగు కలిపి 13 కిలోల 400 గ్రాములు తేలింది. 18 హోల్స్ (బంతి వేయాల్సిన గుంటలు) ఆడేసరికి ఎనిమిది కిలోమీటర్ల దాకా నడక అవుతుంది. మొన్న ఇంటికి వచ్చాక ఎడమ చేయి పైకెత్తి చొక్కా విప్పుకోలేకపోయాను. అందుకే ట్రాలీ కొనాలని నిశ్చయించుకున్నాను. వెనకాల లాక్కెళ్లే రెండు చక్రాలది మంచిదా, ముందు తోసుకుంటూ వెళ్లే మూడు చక్రాలదా? ఏదైనా సరే, మడిస్తే మూడు బ్యాగులతో పాటు చిన్న కారులో పట్టాలి. ఇద్దరు మిత్రులు రెండు రకాలుగా చెబుతున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మిల్లు:
సుబేదార్ గారూ, రెండు చక్రాలదే తీసుకోండి. నాది ఆరేళ్ల నుంచి నడుస్తోంది. బరువు ఐదు కిలోలకు మించదు. ఒక గొట్టం, రెండు చక్రాలు, రెండు పట్టీలు, అంతే. విరగడానికి అందులో ఏమీ లేదు. మడిస్తే కర్రలా పొడుగ్గా అయి వెనక సీటు కింద దూరుతుంది.

అసలు విషయం చెబుతాను. మా మిల్లులో బస్తాలు మోసే రెండు చక్రాల బండ్లు ఉన్నాయి. చదునైన గచ్చు మీద హమాలీలు వాటిని తోస్తారు. గడప వచ్చినా, తడిమట్టి వచ్చినా వెంటనే వెనక్కి తిరిగి లాగుతారు. ఎవరూ నేర్పలేదు, ఒళ్లు నేర్చుకున్నదది. తోసినప్పుడు మన బలంలో కొంత కిందికి నొక్కుతుంది, చక్రం మట్టిలోకి దిగుతుంది. లాగినప్పుడు కొంత పైకి లేపుతుంది, చక్రం తేలికవుతుంది. వానాకాలం ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

దేవరకొండ ఎముకల వైద్యుడు:
మిల్లు గారు చెప్పిన భౌతిక శాస్త్రం సరైనదే. ఒంటి సంగతిలో మాత్రం వారితో ఏకీభవించలేను.

రెండు చక్రాల బండి తనంత తాను నిలబడదు. లాగేటప్పుడు వాలుగా పట్టుకోవాలి, కాబట్టి బ్యాగు బరువులో కొంత ఎప్పుడూ చేతి మీదే ఉంటుంది. ఆ చేయి వెనక్కి తిరిగి ఉంటుంది, భుజం మెలిపడి ఉంటుంది. ఎనిమిది కిలోమీటర్లు అలా నడిచి, మధ్యమధ్య ఆగి అదే భుజంతో క్లబ్బు తిప్పుతాం. సుబేదార్ గారికి ఇప్పటికే చేయి పైకి లేవడం లేదు. మూడు చక్రాలది మాత్రం మూడు కాళ్ల పీటలా నిలుస్తుంది. చేతి మీద బరువు ఉండదు, రెండు చేతులూ ముందు ఉంటాయి, నడుము నిటారుగా ఉంటుంది.

ఇంకో మాట. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో మా తరం బోరు నీళ్లు తాగి పెరిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్, అక్కడ చాలా బావుల్లో అంతకు ఎంతో మించి ఉండేది. దాని వల్ల వెన్ను బిగుసుకుపోయినవాళ్లను నేను రోజూ చూస్తాను. ఈ జిల్లాలో యాభై దాటినవాళ్లు మెడ, నడుము మెలిపడే పని పెట్టుకునేముందు ఒకసారి పరీక్ష చేయించుకోవాలని నా విన్నపం.

2008లో అమెరికాలోని డెన్వర్‌లో నీల్ వోల్కోడాఫ్ అనే శాస్త్రవేత్త 9 హోల్స్ ఆటను కొలిచారు. బ్యాగు భుజాన మోస్తే 721 కేలరీలు, ట్రాలీ తోస్తే 718, క్యాడీ (బ్యాగు మోసే కూలీ) మోస్తే 613, మోటారు బండిలో వెళ్తే 411 ఖర్చయ్యాయి. స్కోరు అన్నిటికన్నా బాగా వచ్చింది ట్రాలీ తోసినప్పుడు, సగటున 40 దెబ్బలు. భుజాన మోసినప్పుడు 45. గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మేలు.

షాద్‌నగర్ కుర్రాడు:
డాక్టరు గారూ, మీరు ఇచ్చిన లెక్కే తీసుకుందాం. 721కీ 718కీ తేడా ఎక్కడుంది? శ్రమ ఒకటే అయినప్పుడు రెండు పట్టీల బ్యాగు భుజాన వేసుకుని పోవడమే మేలు కదా. వాలు, గట్టు, రాయి, ఏదీ అడ్డం రాదు. పైగా ఆ పరీక్షలో పాల్గొన్నది 8 మందే అని చదివాను. నాకు 26 ఏళ్లు, స్టాండ్ బ్యాగును తొమ్మిది కిలోలకు కుదించాను. సుబేదార్ గారూ, ముందు ఆ రెండు లీటర్ల నీళ్లు, సగం బంతులు తీసేయండి. 14 క్లబ్బులు నియమం ప్రకారం గరిష్ఠ సంఖ్య. అన్నీ తీసుకెళ్లి తీరాలని ఎక్కడా లేదు. తొమ్మిదితో ఆడి చూడండి.

దేవరకొండ ఎముకల వైద్యుడు:
8 మందే, నిజం. అందుకే దాన్ని వేదంలా చెప్పడం లేదు. కానీ తమ్ముడూ, కేలరీ అనేది ఒళ్లు మొత్తం చేసిన ఖర్చు. ఆ భారం ఏ కీలు మీద పడిందో అది చెప్పదు. 26లో కనిపించని తేడా 58లో కనిపిస్తుంది. నీళ్లు తీసేయమనడం మాత్రం ఒప్పుకోను. మే నెలలో మన ఎండ 44 దాటుతుంది.

పాలమూరు నడక:
ఇంతసేపూ చక్రాల గురించే మాట్లాడారు. మనిషి గురించి ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను.

మన మైదానాల్లో బ్యాగు మోసేది క్యాడీ. ఆ కూలీ మీద ఇల్లు గడుపుకునే కుటుంబాలు ఉన్నాయి. ట్రాలీ కొనడమంటే ఒక మనిషి పని తీసేయడమే. నాతో నడిచే క్యాడీ నాకన్నా బాగా గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు చదువుతాడు, గాలి చెబుతాడు, రఫ్‌లో (పొడవు గడ్డిలో) పడిన బంతిని నేను తల తిప్పేలోగా పట్టేస్తాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఒకప్పుడు ఢిల్లీలో క్యాడీయే. ఈ ఆటను మన దేశంలో చాలామంది పేద పిల్లలు బ్యాగు మోస్తూనే నేర్చుకున్నారు. ఆ దారి మూసేయకండి.

పానగల్లు సుబేదార్:
పాలమూరు అన్నగారూ, మీ మాట గుచ్చుకుంది. నేను క్యాడీని మానేయాలని అనుకోలేదు. మా ముగ్గురిలో ఇద్దరం పెన్షన్ మీద బతుకుతున్నాం. ప్రతి వారం కుదరక, నెలలో రెండు వారాలు మోసుకుంటున్నాం. పైగా కొన్ని గోల్ఫ్ మైదానాల్లో క్యాడీ తప్పనిసరి. అక్కడ ట్రాలీ ఉన్నా క్యాడీ కూలీ ఇవ్వాల్సిందే, ఇస్తాను కూడా.

వనపర్తి బావి:
నేను రెండు రకాలూ కొన్నాను, రెండింటితోనూ దెబ్బ తిన్నాను. కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది చవక రకం లాగుడు బండి. ఇరుసు దగ్గర బేరింగు లేదు, ప్లాస్టిక్ గొట్టమే తిరుగుతుంది. బంకరు (ఇసుక గుంట) పక్క ఇసుక అందులో దూరి ఆరు నెలల్లో అరిగింది. చక్రం ఊగి, బ్యాగు ప్రతి గుంట దగ్గర ఒక పక్కకు పడేది.

రెండోది మూడు చక్రాలది, గాలి టైర్లు. తోస్తుంటే ఎంత హాయిగా ఉండేదో! మూడో వారం పల్లేరు కాయ దిగింది. అంగుళంలో పావు వంతు కూడా లేని ముల్లు, టైరు మొత్తం కూర్చుండిపోయింది. మిగిలిన ఏడు హోల్స్ ఈడ్చుకుంటూ వచ్చాను. మన నేలలో గాలి టైరు వద్దు. గట్టి నురుగుతో చేసిన, గాలి అక్కరలేని టైర్లు వస్తాయి. ఇప్పుడు నా బండికి అవే ఉన్నాయి. మొన్న చక్రం తిప్పి చూస్తే సర్కారు తుమ్మ ముళ్లు నాలుగు గుచ్చుకుని ఉన్నాయి. ఒక్కటీ పనికి అడ్డం రాలేదు. పటకారతో పీకేశాను.

ఇక బ్రేకు. దుకాణంలో చదునైన గచ్చు మీద బ్రేకు చూసి మోసపోకండి. గ్రీన్ పక్కన వాలులో బండి నిలబెట్టి, పుట్టర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) తీసుకుని నాలుగడుగులు వేశాను. వెనక చిన్న చప్పుడు. తిరిగి చూసేసరికి బండి తనంత తాను కదులుతోంది, ముందు మెల్లగా, తర్వాత పరుగు. నేను కూడా పరిగెత్తాను. చెరువు గట్టున రెల్లు దుబ్బుకు తగులుకుని ఆగింది, ముందు చక్రం నీళ్లలో ఉంది. బ్రేకు తీగ వదులైంది. అప్పటి నుంచి వారం వారం ఆ తీగ బిగిస్తాను, వాలులో బండిని అడ్డంగా నిలబెడతాను. మణికట్టుకు కట్టుకునే పట్టీ ఉన్న బండి కొనండి, దిగుడులో అది చేతిని వదలదు.

మడత గురించి. కొలత కాగితం మీద చదివితే సరిపోదు. ఎక్కువ మూడు చక్రాల బండ్లు మడిస్తే 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 33 ఎత్తు, ఆ చుట్టుపక్కల పెట్టెలా అవుతాయి. బరువు ఏడెనిమిది కిలోలు. మీకు ముగ్గురి బ్యాగులు కూడా పట్టాలి కాబట్టి, చక్రాలు లోపలికి తిరిగి పలకలా చదునుగా అయ్యే రకం చూడండి. దాన్ని బ్యాగుల పైన పరచవచ్చు. దుకాణంలోనే ఐదుసార్లు విప్పి మడవండి. గడియ దగ్గర వేలు ఎక్కడ పడుతోందో గమనించండి. నా చూపుడు వేలు గోరు రెండు నెలలు నల్లగా ఉంది.

స్టాండ్ బ్యాగు కాళ్లు కింది పట్టీకి తగిలి బ్యాగు మెలితిరిగే బండ్లు కూడా ఉన్నాయి. మీ బ్యాగును దుకాణానికి తీసుకెళ్లి కట్టి చూడండి. ముందు చక్రం ఒక పక్కకు లాగుతుంటే సరిచేసుకునే మర ఉందా అని కూడా అడగండి. అది లేకపోతే రోజంతా బండితో పోరాటమే.

మిర్యాలగూడ మిల్లు:
వనపర్తి గారి బండి చెరువు దాకా పరిగెత్తిందంటే నా బండి విలువ తెలుస్తోంది. వదిలేస్తే పడిపోతుందే తప్ప పారిపోదు. కానీ డాక్టరు గారి మాట తర్వాత నిన్న మైదానంలో గమనించాను. తొమ్మిదో హోల్ అయ్యేసరికి నాకు తెలియకుండానే చేయి మూడుసార్లు మార్చుకున్నాను. ఆరేళ్లుగా మారుస్తూనే ఉన్నానేమో. భుజం నొప్పి ఉన్నవారికి తోసేదే మేలని ఒప్పుకుంటున్నాను. వానలో మాత్రం నా పక్షం మారదు. రేగడి మట్టి మూడు చక్రాల బండికి ముందు చక్రం, దాన్ని పట్టుకునే ఇనుప కొమ్ముల మధ్య ముద్దలా పేరుకుంటే చక్రం తిరగదు. పుల్లతో గీకుతూ కూర్చోవాలి.

వనపర్తి బావి:
అది నిజం, నేనూ గీకాను. అలాంటి చోట బండిని వెనక్కి తిప్పి రెండు వెనక చక్రాల మీద లాగండి, మీ హమాలీల పద్ధతే. మూడు చక్రాలది లాగడానికి కూడా పనికొస్తుంది. రెండు చక్రాలది తోయడానికి పనికిరాదు.

షాద్‌నగర్ కుర్రాడు:
ఒక సందేహం. ఆడిన బంతి మన ట్రాలీకే తగిలితే పెనాల్టీ పడుతుందని మా సీనియర్ ఒకరు భయపెట్టారు.

పానగల్లు సుబేదార్:
పాత నియమం తమ్ముడూ. 2019లో మార్చారు. అనుకోకుండా తగిలితే పెనాల్టీ లేదు, బంతి ఆగిన చోటి నుంచే ఆడాలి. బండిని గ్రీన్ మీదికి మాత్రం ఎక్కించకూడదు, ఎవరి బండైనా సరే.

పాలమూరు నడక:
సుబేదార్ గారి జవాబు చదివాక నిన్న మా క్యాడీని సూటిగా అడిగాను, ట్రాలీ వస్తే నీకు నష్టమా అని. నేను ఊహించని జవాబు వచ్చింది. "పని పోతే నష్టం, మోత పోతే నష్టం ఎందుకవుతుంది సార్" అన్నాడు. రోజుకు రెండు ఆటలు, అంటే పదహారు కిలోమీటర్లు, భుజాన పదమూడు కిలోలు. చొక్కా పక్కకు జరిపి పట్టీ ఒరుసుకున్న చోటు చూపించాడు. చర్మం కాయకాసి ఉంది. మా పాలమూరు వాళ్లు ఊరూరా తిరిగి మట్టి మోసి ఆనకట్టలు కట్టారు, మా తాతల భుజాల మీద నేను చూసింది సరిగ్గా అదే కాయ. క్యాడీని ఉంచండి, మోత తీసేయండి. ట్రాలీ నేను కూడా కొంటున్నాను, తోసేది అతనే కాబట్టి పిడి ఎత్తు అతని కొలతకు పెట్టిస్తాను.

పానగల్లు సుబేదార్:
నిశ్చయమైపోయింది. కారు వెనక భాగంలో ముగ్గురి బ్యాగులు సర్ది, మిగిలిన ఖాళీకి సరిపడా అట్టపెట్టె కోసి చూశాను. పెట్టె రకం పట్టలేదు, పలక రకం పట్టింది. ఒక మిత్రుడి బండి అడిగి తెచ్చి, బ్యాగు కట్టి, నిన్న సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద గంటసేపు తోశాను. ఎక్కుడులో కాళ్లతో పని, దిగుడులో పట్టీ పని. ఇంటికి వచ్చి చొక్కా విప్పుకున్నాను, చేయి పూర్తిగా లేచింది. మూడు చక్రాలు, నురుగు టైర్లు, చేతి బ్రేకు, పలక మడత. క్యాడీ వచ్చే వారాల్లో అతను తోస్తాడు, రాని వారాల్లో నేను.

మిర్యాలగూడ అన్నగారూ, వాన పడిన మరునాడు మీ రెండు చక్రాల బండి తీసుకురండి. సగం మైదానం నాది మీరు తోయండి, మీది నేను లాగుతాను.